అంబాసిడర్ కింద ఆయిల్ మరక: సీలే లేని ఇంజిన్‌లో వెనుక లీకు ఆపడం ఎలా

పాత అంబాసిడర్ రాత్రంతా నిలబడితే పొద్దున్నే గేర్‌బాక్స్, ఇంజిన్ కలిసే చోట, సరిగ్గా బెల్ హౌసింగ్ కింద, నల్లటి మరక కనిపిస్తుంది. చాలా షెడ్డుల్లో వినిపించే మాట ఒకటే: "వెనక క్రాంక్ సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి." 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ ఉన్న అంబాసిడర్ విషయంలో ఈ మాట మొదట్లోనే తప్పు. ఆ ఇంజిన్‌కి క్రాంక్ (పిస్టన్ల కదలికతో తిరిగే ప్రధాన ఇరుసు) వెనుక రబ్బరు సీల్ అనేదే లేదు. లేని సీల్‌ని మార్చడానికి గేర్‌బాక్స్ దించి, మళ్ళీ ఎక్కించి, నెల తిరక్కుండా అదే మరక చూసి నిరాశపడినవాళ్ళు చాలామంది. ఈ మార్గదర్శి ఆ ఇంజిన్ కోసమే. ఇసుజు 1.8 ఇంజిన్ వేసిన తర్వాతి బళ్ళలో వెనుక మామూలు సీల్ ఉంటుంది, వాటి దారి వేరు.

అంబాసిడర్ ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చింది. 1489 సీసీ ఇంజిన్ కూడా బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ళ బీ-సిరీస్ కుటుంబానిదే. ఎంజీఏ స్పోర్ట్స్ కారులో మొదట వేసినది కూడా ఈ ఇంజినే. మూడు మెయిన్ బేరింగులు, తలుపుల్లాంటి రెండు టాపెట్ సైడ్ కవర్లు, కార్క్ ప్యాకింగులు. ఉత్తరపాడా ఫ్యాక్టరీలో ఉత్పత్తి 2014లో ఆగిపోయినా ప్యాకింగ్ సెట్లు, బేరింగులు ఇప్పటికీ దొరుకుతున్నాయి కాబట్టి భయపడాల్సింది లేదు.

సీల్ లేకుండా ఆయిల్ ఎలా ఆగుతుంది?

ముందు ఇది అర్థమైతే మిగతా పని సగం అయినట్టే. క్రాంక్ వెనుక చివర బేరింగ్ దాటగానే ఒక అంచు ఉంటుంది. బేరింగ్ నుంచి కారే ఆయిల్‌ని అది విసిరి కొడుతుంది. ఆ ఆయిల్ వెనుక మెయిన్ క్యాప్‌లోని (బేరింగ్‌ని కింద నుంచి పట్టి ఉంచే మూత) దారిగుండా కింద చాంబర్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి, దిగిపోతుంది. దాన్ని కూడా దాటి వచ్చిన కొద్దిపాటి ఆయిల్ కోసం క్రాంక్ మీద మర లాంటి గాడి చెక్కి ఉంటుంది. క్రాంక్ తిరుగుతుంటే ఆ మర ఆయిల్‌ని వెనక్కి, అంటే ఇంజిన్ లోపలికి, తోడి పోస్తుంది. ఆ మర గాడికీ దాని చుట్టూ ఉన్న ఇనుముకీ మధ్య వెంట్రుకవాసి సందే ఉంటుంది, రెండూ ఎక్కడా తగలవు.

దీన్నిబట్టి మూడు సంగతులు తేలుతాయి. ఇంజిన్ ఆగితే మర పని చేయదు, కాబట్టి ఆపిన తర్వాత రెండు మూడు చుక్కలు రాలడం ఈ ఇంజిన్ స్వభావం. ఇంజిన్ లోపల గాలి ఒత్తిడి పెరిగితే ఆ సందులోంచి గాలితోపాటు ఆయిల్ కూడా బయటికి వస్తుంది, మర ఎంత తోడినా సరిపోదు. వెనుక బేరింగ్ అరిగితే క్రాంక్ కిందికి దిగి పై సందు పెద్దదవుతుంది, అక్కడినుంచి ధార మొదలవుతుంది.

సీసాల్లో అమ్మే "లీక్ స్టాప్" మందు ఇక్కడ ఎందుకు పనిచేయదో కూడా ఇందులోనే ఉంది. ఆ మందు రబ్బరు సీళ్ళని ఉబ్బించి లీకు ఆపుతుంది. ఈ ఇంజిన్ వెనుక ఉబ్బడానికి రబ్బరే లేదు.

మొదటి మెట్టు: ఎక్కడినుంచి కారుతోందో పట్టుకోవడం

బెల్ హౌసింగ్ కింద కనబడిన ఆయిల్ అక్కడే పుట్టిందని నమ్మకండి. బండి నడుస్తుంటే ఎదురుగాలి ఆయిల్‌ని వెనక్కి నెడుతుంది. ఇంజిన్ పైన మూతలా ఉండే రాకర్ కవర్ వెనుక మూల నుంచి కారినది బ్లాకు వెనుక గోడ మీదుగా జారి, ఇంజిన్ ప్లేటు చాటున దిగి, సరిగ్గా క్రాంక్ లీకులాగే కనిపిస్తుంది. మా అంచనాలో గేర్‌బాక్స్ అనవసరంగా దించిన కేసుల్లో ఎక్కువ భాగానికి కారణం పై నుంచి కారిన ఆయిలే.

కావలసినవి: రెండు లీటర్ల కిరోసిన్ లేదా డీజిల్, పెయింట్ బ్రష్, వేస్టు గుడ్డలు, టాల్కం పౌడర్ డబ్బా, టార్చి, చిన్న అద్దం, పెద్ద అట్టముక్క.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బ్యాటరీ నెగెటివ్ తీసి, డిస్ట్రిబ్యూటర్‌కి ప్లాస్టిక్ సంచి కట్టి, కిరోసిన్‌తో బ్లాకు అంతా తోమండి. సైడ్ కవర్ల చుట్టూ, బ్లాకు వెనుక మూలలు, చాంబర్ అంచు, బెల్ హౌసింగ్ ముందు భాగం మరీ శ్రద్ధగా తోమాలి. తుడిచి, కిరోసిన్ వాసన పూర్తిగా పోయేదాకా ఆరనివ్వాలి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద కిరోసిన్ తడి ఉండగా ఇంజిన్ స్టార్ట్ చేస్తే మంటలు రేగే ప్రమాదం ఉంది. ఆరిన తర్వాత ఇనుము మీద టాల్కం పౌడర్ పలచగా చల్లండి.

ఇప్పుడు ఇంజిన్‌ని వేడెక్కేదాకా నిలబెట్టే నడపండి. పది నిమిషాలకోసారి టార్చి, అద్దంతో చూడండి. తెల్లటి పౌడరు మీద ఆయిల్ దారి గీతలా కనిపిస్తుంది. తడిగా ఉన్న చోట్లన్నిటిలో అన్నిటికన్నా పైనున్న చోటే మీ లీకు. ఏమీ కనబడకపోతే 15 కిలోమీటర్లు తిప్పుకొచ్చి మళ్ళీ చూడండి, కొన్ని లీకులు వేగంలోనే బయటపడతాయి. బండి కిందికి వెళ్ళేటప్పుడు జాకీని నమ్మి దూరకండి. రెండు స్టాండులు పెట్టి, వెనుక చక్రాలకి అడ్డు వేసిన తర్వాతే దూరండి.

బెల్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. చాలా బళ్ళలో అది మూసుకుపోకుండా అందులో కాటర్ పిన్ను వేలాడుతుంటుంది. అక్కడి చుక్కని వేలితో తీసి చూడండి. నల్లగా, పలచగా ఉంటే ఇంజిన్ ఆయిల్. చిక్కగా, గంధకం లాంటి ఘాటు వాసన వస్తే గేరాయిల్, అంటే గేర్‌బాక్స్ ముందు షాఫ్టు దగ్గర చూడాలి. రంధ్రం పొడిగా ఉండి బెల్ హౌసింగ్ బయటి గోడలే తడిగా ఉంటే లీకు లోపల లేదు, క్రాంక్‌ని అనుమానించడం మానేయొచ్చు.

రెండో మెట్టు: ఊపిరి ఆడుతోందా?

ఏ ప్యాకింగూ విప్పకముందే చేయాల్సిన పని ఇది. ఖర్చు దాదాపు లేదు, కానీ ఎక్కువమంది దాటేసేదీ ఇదే.

పిస్టన్ రింగులు దాటి ఎంతో కొంత గ్యాసు ఎప్పుడూ కింద చాంబర్‌లోకి వస్తూనే ఉంటుంది. అది బయటికి పోవడానికి రెండు దారులున్నాయి: రాకర్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కి వెళ్ళే గొట్టం, ముందు టాపెట్ సైడ్ కవర్ నుంచి కిందికి దిగే బ్రీదర్ పైపు. ఏళ్ళ తరబడి ఆయిల్ ఆవిరి, దుమ్ము కలిసి ఈ దారులు గట్టి మడ్డితో పూడుకుపోతాయి. అప్పుడు గ్యాసు తనకు దొరికిన సందులోంచి, అంటే సీల్ లేని క్రాంక్ వెనుక నుంచి, ఆయిల్‌ని వెంటేసుకుని పోతుంది.

రెండు పైపులూ విప్పి రాత్రంతా కిరోసిన్‌లో నానబెట్టండి. సన్నటి కడ్డీకి గుడ్డ చుట్టి దూర్చి తీయండి. ఒక చివర నుంచి ఊదితే అడ్డులేకుండా గాలి పోవాలి. ఎయిర్ క్లీనర్ వైపు గొట్టం మెత్తబడి నడిచేటప్పుడు లోపలికి అతుక్కుంటుంటే కొత్తది వేయండి. ఆయిల్ పోసే మూతలో జాలీ ఉంటే దాన్నీ కడగండి.

తర్వాత పరీక్ష. మీటరున్నర పారదర్శకమైన ప్లాస్టిక్ ట్యూబుని ఇంగ్లీషు యూ అక్షరంలా వంచి, చెక్కకి కట్టి, సగందాకా నీళ్ళు పోయండి. డిప్‌స్టిక్ తీసి ఆ రంధ్రానికి ట్యూబు ఒక చివర గాలి పోకుండా బిగించండి. వేడి ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు, తర్వాత కొంచెం రేసు చేసినప్పుడు రెండు వైపులా నీటిమట్టం ఎంత తేడా వస్తోందో చూడండి. ఒక సెంటీమీటరు లోపు తేడా ఉంటే నిశ్చింత. శుభ్రం చేసిన తర్వాత కూడా మూడు నాలుగు సెంటీమీటర్లు తోస్తుంటే రింగులో, బోరో (సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టు. కంప్రెషన్ పరీక్ష చేయించండి. నాలుగు సిలిండర్లలో ఏదైనా మిగతావాటికన్నా 15 శాతం మించి తక్కువ చూపిస్తే, ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. అంకె పెరిగితే రింగులే. అలాంటి ఇంజిన్‌కి ఎన్ని ప్యాకింగులు మార్చినా లీకు తిరిగొస్తుంది. డబ్బు ముందు బోరు పనికి పెట్టండి.

ఇదే సమయంలో డిప్‌స్టిక్ కూడా చూడండి. గరిష్ఠ గీత దాటి ఆయిల్ పోయడం ఈ ఇంజిన్‌లో నేరుగా వెనుక లీకుకి దారితీస్తుంది. రెండు గీతల మధ్యలోంచి పై గీత దాకా ఉంటే చాలు. 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ వాడండి. కొత్త కార్లకి పోసే పలచటి సింథటిక్ ఆయిల్ ఆ వెంట్రుకవాసి సందులోంచి తేలిగ్గా జారిపోతుంది.

మూడో మెట్టు: పై నుంచి కిందికి

పానాల గురించి ఒక మాట. ఈ ఇంజిన్ బోల్టులు అంగుళాల కొలతవి. అర అంగుళం తలకి 13 పానా, 7/16 తలకి 11 పానా దాదాపు పడతాయి గానీ, బిగుసుకుపోయిన బోల్టు మీద 13 పానా జారి మూలలు అరిగిపోతాయి. అంగుళాల రింగు పానాల సెట్టు కొనుక్కోండి.

రాకర్ కవర్‌తో మొదలుపెట్టండి. పై రెండు నట్లు తీసి కవర్ ఎత్తండి. అంచు గాజుపలక మీద పెట్టి చూడండి. నట్ల దగ్గర అంచు వంగి ఉంటే బల్ల మీద చెక్క దిమ్మతో మెల్లగా తట్టి సరిచేయాలి. కొత్త కార్క్ ప్యాకింగ్‌ని కవర్ వైపు మాత్రమే గమ్‌తో అంటించి, హెడ్ వైపు పలచగా గ్రీజు రాయండి. అలా చేస్తే వాల్వు సందులు సరిచూసుకోవడానికి కవర్ తీసినప్పుడల్లా ప్యాకింగ్ చిరగదు. నట్ల కింది రబ్బరు వాషర్లు గట్టిపడి ఉంటాయి, తప్పకుండా మార్చండి. బిగింపు 4 పౌండ్-అడుగులే, అంటే 5.4 న్యూటన్ మీటర్లు. చేత్తో బిగించి, పైన ముప్పావు చుట్టు తిప్పితే దాదాపు అంతే. గట్టిగా బిగిస్తే లీకు ఆగుతుందనే నమ్మకమే ఈ ఇంజిన్ ప్యాకింగుల పాలిట శత్రువు. కార్క్ నలిగి చిట్లుతుంది, రేకు వంగుతుంది, లీకు రెట్టింపవుతుంది.

తర్వాత టాపెట్ సైడ్ కవర్లు. ఇవి మానిఫోల్డ్ కింద దాక్కుని ఉంటాయి. ఒక్కోదానికి నడుమ ఒకే బోల్టు. ముందు కవర్ చేతికి అందుతుంది. వెనుకది అందక అందరూ వదిలేస్తారు, ఎక్కువగా కారేది అదే. కార్బరేటర్, మానిఫోల్డ్ విప్పి చేస్తేనే పని సరిగ్గా అవుతుంది. మానిఫోల్డ్ ప్యాకింగ్ కొత్తది ముందే తెచ్చి పెట్టుకోండి. నడుమ బోల్టు ఎవరో అతిగా బిగించి ఉంటారు కాబట్టి కవర్ మధ్యలో లోపలికి గుంటపడి, మూలలు పైకి లేచి ఉంటాయి. కవర్‌ని తిరగేసి, మధ్య భాగాన్ని లోపలి వైపు నుంచి తట్టి సమం చేయండి. గాజుపలక మీద నాలుగు మూలలూ ఆనాలి. ప్యాకింగ్ కవర్‌కే అంటించండి. బోల్టు తల కింద వాషర్ కొత్తది వేయండి, ఆ బోల్టు వెంబడే ఆయిల్ బయటికి పాకుతుంది. బిగింపు 2 పౌండ్-అడుగులు, 2.7 న్యూటన్ మీటర్లు. ఇది మరీ తక్కువనిపిస్తుంది, నిజంగా అంతే.

ఆయిల్ ఫిల్టర్ గిన్నె దగ్గర తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. గాడిలో పాత రబ్బరు రింగు అతుక్కుని ఉండగానే దాని మీద కొత్తది వేస్తారు. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆగుతుంది, రోడ్డు మీద ఒత్తిడికి ఒక్కసారిగా జారి ఆయిల్ అంతా పోతుంది. సూదిమొన పనిముట్టుతో గాడి చుట్టూ తిప్పి పాత రింగు తీసి చూపించాకే కొత్తది వేయించండి. ఆయిల్ ప్రెషర్ గేజ్ పైపు యూనియన్, మెకానికల్ పెట్రోల్ పంపు ఉన్న బళ్ళలో దాని కింది ప్యాకింగ్ కూడా ఈ విడతలోనే చూసేయండి.

ముందువైపు టైమింగ్ కవర్. పాత ఇంజిన్లలో దీనికి ఫెల్ట్ సీల్, తర్వాతివాటిలో రబ్బరు సీల్. కవర్ వెనుక క్రాంక్ మీద ఆయిల్ విసిరే పళ్ళెం ఉంటుంది. పాత రకం పళ్ళేనికి గుంట వైపు బయటికి, రేడియేటర్ వైపు ఉండాలి. తర్వాతి రకం మీద ఎఫ్ అక్షరం ఉంటుంది, అది బయటికి కనబడాలి. పాత పళ్ళెం, కొత్త కవర్ కలిపి వేస్తే కుదరదు, జతగానే వాడాలి. కవర్‌ని బిగించేముందు బోల్టులు వదులుగా పెట్టి, పుల్లీకి ఆయిల్ రాసి సీల్‌లోంచి దూర్చి, కవర్ తనంతట తాను మధ్యకి సర్దుకున్నాక బిగించండి. చిన్న బోల్టులకి 6, పెద్దవాటికి 14 పౌండ్-అడుగులు. పుల్లీ మెడ మీద సీల్ రాసుకుని గాడి పడితే కొత్త సీల్ కూడా నిలవదు. సీల్‌ని ఒకటిన్నర మిల్లీమీటరు లోపలికి దించి పెడితే అది అరగని చోట కూర్చుంటుంది. గాడి లోతుగా ఉంటే పుల్లీకి లేత్ మీద స్లీవ్ వేయించాలి. పుల్లీ బోల్టుకి 70 పౌండ్-అడుగులు, లాక్ వాషర్ చెవి మడవడం మరవకండి.

నాలుగో మెట్టు: ఆయిల్ చాంబర్

ఆయిల్ వేడిగా ఉన్నప్పుడు దించండి. డ్రెయిన్ బోల్టు రాగి వాషర్‌ని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే మెత్తబడి మళ్ళీ పనికొస్తుంది, కొత్తదైతే మరీ మంచిది. పాత ఆయిల్‌ని డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ కొనేవాళ్ళకివ్వండి, కాలవలో పోయకండి.

చాంబర్ ప్యాకింగ్ పక్కలకి రెండు ముక్కలు, ముందు వెనుక బేరింగ్ క్యాపుల కింద అర్ధచంద్రాకారంలో కార్క్ పట్టీలు. లీకు ఎక్కువగా పుట్టేది పట్టీ, పక్క ప్యాకింగ్ కలిసే మూల దగ్గర. కార్క్ పట్టీలని పావుగంట గోరువెచ్చటి నీళ్ళలో నానబెడితే విరక్కుండా వంగుతాయి. గాడిలో కూర్చోబెట్టాక రెండు చివరలూ అంచుకన్నా ఒకటిన్నర మిల్లీమీటరు పైకి ఉండాలి. చూడటానికి బాగుండాలని బ్లేడుతో అంచుకి సమానంగా కోసేవాళ్ళున్నారు. ఆ ఎక్కువ భాగమే నొక్కుకుని మూలని మూస్తుంది, కోయకండి. నాలుగు మూలల్లో మాత్రం పెసరగింజంత సిలికాన్ పెట్టండి. మొత్తం అంచుకి చారెడు సిలికాన్ పులిమితే లోపలికి ఉబ్బిన ముక్కలు తెగి ఆయిల్ పంపు జాలీలో ఇరుక్కుంటాయి. అక్కడితో లీకు సమస్య కాస్తా బేరింగుల సమస్య అవుతుంది.

చాంబర్ అంచులో బోల్టు రంధ్రాలు పైకి ఉబ్బి ఉంటే దాగలి మీద పెట్టి గుండ్రటి సుత్తితో సమం చేయండి. బోల్టులన్నీ వేలితో ఎక్కించి, మధ్య నుంచి చివరలకి రెండు విడతల్లో 6 పౌండ్-అడుగులు, 8 న్యూటన్ మీటర్ల దాకా బిగించండి.

ఐదో మెట్టు: క్రాంక్ వెనుక భాగం

పైవన్నీ చేసి, ఒత్తిడి సరిగ్గా ఉండి, అయినా బెల్ హౌసింగ్ రంధ్రం నుంచి ఇంజిన్ ఆయిల్ చెంచాల కొద్దీ వస్తుంటేనే ఇక్కడికి రావాలి. అప్పుడు కూడా గేర్‌బాక్స్ ఒక్కటి దించి లాభం లేదు. వెనుక మెయిన్ క్యాప్ విప్పాలి, దానికి ఫ్లైవీల్, వెనుక ప్లేటు, చాంబర్ అన్నీ రావాలి. చెయిన్ పుల్లీతో ఇంజిన్ బయటికి తీయడమే సుఖం.

క్యాప్ తీశాక ఈ వరసలో చూడండి. ఆయిల్ చాంబర్‌లోకి దిగే దారి మడ్డితోనో, ఎవరో పెట్టిన సిలికాన్‌తోనో మూసుకుందా? మూసుకుంటే లీకుకి కారణం దొరికినట్టే. క్యాప్ ఈ ఇంజిన్‌దేనా? మెయిన్ క్యాపులు బ్లాకుతో కలిపి బోరు చేసినవి. వేరే ఇంజిన్ నుంచి తెచ్చిన క్యాప్ పెడితే సందు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ అవుతుంది. ఎవరైనా క్యాప్ ముఖాన్ని ఆకురాయితో రాసి "టైట్" చేశారా? చేస్తే మర క్యాప్‌కి రాసుకుని గీతలు పడి ఉంటాయి.

బేరింగ్ సందుని ప్లాస్టిగేజ్‌తో కొలవండి. ప్లాస్టిక్ దారాన్ని జర్నల్ (క్రాంక్‌లో బేరింగ్ లోపల తిరిగే భాగం) మీద పెట్టి, క్యాప్‌ని 70 పౌండ్-అడుగులకి బిగించి, క్రాంక్ తిప్పకుండా విప్పి, నలిగిన వెడల్పు చూడాలి. అంగుళంలో వెయ్యో వంతులో సగం నుంచి రెండు వెయ్యో వంతుల దాకా, అంటే 0.013 నుంచి 0.05 మిల్లీమీటర్ల దాకా సరే. అంతకు మించితే బేరింగులు మార్చాలి. జర్నల్ కోడిగుడ్డులా అయితే క్రాంక్ గ్రైండింగ్ చేయించాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఈ పని రోజూ చేసే లేతులున్నాయి. గ్రైండింగ్‌కి ఇచ్చేటప్పుడు వెనుక మరని ముట్టుకోవద్దని స్పష్టంగా చెప్పండి. దాన్ని "నీట్‌గా" పాలిష్ చేసేస్తే సందు పెరిగి క్రాంక్ ఇక ఆయిల్ ఆపదు.

తిరిగి బిగించేటప్పుడు క్యాప్, బ్లాకు కలిసే సమతల ముఖాలని స్పిరిట్‌తో తుడిచి, గట్టిపడని జాయింటింగ్ పేస్టు పలచటి పొరగా మాత్రమే రాయండి. క్యాప్ పక్కల కార్క్ ముక్కలు కొత్తవి వేయండి. ఈ రెండూ మరిచిపోతే మర ఎంత బాగున్నా క్యాప్ పక్కనుంచి ఆయిల్ వస్తుంది. వెనుక ప్లేటు కింది ప్యాకింగ్‌ని, క్యామ్ షాఫ్టు చివరనున్న మూతని కూడా ఇప్పుడే చూడాలి, మళ్ళీ అవి కంటికి కనబడవు. క్లచ్ ప్లేటు ఆయిల్ తాగి ఉంటే కడిగి వాడకండి. వేడికి ఆ ఆయిల్ మళ్ళీ ఊరి క్లచ్ జారుతుంది, కొత్తది వేయండి.

ఈ ఇంజిన్ కుటుంబానికి వెనుక రబ్బరు లిప్ సీల్ అమర్చే కిట్లు విదేశాల్లో ఎంజీ కార్ల యజమానుల కోసం అమ్ముతారు. క్రాంక్ నిక్కచ్చిగా మధ్యలో తిరిగితేనే ఆ సీల్ నిలుస్తుంది. అరిగిన బేరింగుల మీద వేస్తే కొన్ని వేల కిలోమీటర్లకే చిరుగుతుంది. బేరింగులు, బ్రీదరు సరిచేసిన ఇంజిన్‌కి ఆ ఖర్చు అవసరం రాదని మా అభిప్రాయం.

పని సరిగ్గా అయిందా?

ఆయిల్ పోసి, ప్లగ్గులు తీసి స్టార్టర్ తిప్పి గేజ్‌లో ఒత్తిడి కనబడ్డాకే ఇంజిన్ స్టార్ట్ చేయండి. 30 కిలోమీటర్లు తిప్పి, చదునైన నేల మీద ఆపి, కింద అట్టముక్క పరిచి రాత్రంతా వదిలేయండి. ముక్కు పైకెత్తిన ర్యాంపు మీద నిలిపితే ఆయిల్ అంతా వెనక్కి చేరి తప్పుడు ఫలితం చూపిస్తుంది. పొద్దున రూపాయి బిళ్ళంత మరక ఒకటో రెండో ఉంటే సరిపోయినట్టే, ఈ ఇంజిన్ కొత్తగా వచ్చినప్పుడూ అంతే. అరచేయంత మరక ఉంటే పౌడరు పరీక్ష మళ్ళీ మొదటినుంచి చేయండి.

500 కిలోమీటర్ల తర్వాత కార్క్ సర్దుకుంటుంది. అప్పుడు ఇంజిన్ చల్లగా ఉండగా చాంబర్, రాకర్ కవర్, సైడ్ కవర్ల బిగింపుని అవే అంకెలకి ఒక్కసారి సరిచూసుకోండి. ఆ తర్వాత ఆయిల్ మార్చినప్పుడల్లా బ్రీదర్ పైపులు రెండూ విప్పి ఊదండి.